ఒక్క రాయి ఉన్న పురుగు

ఆ పగడపు దీవిలో నేను ఐదు రోజులున్నాను. వాటిలో చాలా భాగం ఎలా గడిచిందో చెప్పమంటే చెప్పలేను కాని, మూడవనాటి మధ్యాహ్నం మాత్రం క్షణక్షణమూ గుర్తుంది.

మొదటి రెండు రోజులు నడుము లోతు నీళ్ళలో నిలబడి తీసిన ఇసుకను అక్కడికక్కడే ఆల్కహాలులో వేశాను. మూడవ రోజు ఉదయం సూక్ష్మదర్శిని కింద చూస్తే, నేను వెతుకుతున్న, ఇసుకలో బతికే అసీల్ అనే చిన్న సముద్రపు పురుగులన్నీ గుర్తుపట్టడానికి వీల్లేని ముద్దలుగా మారి ఉన్నాయి. సాధారణంగా రెండు మిల్లీమీటర్లకు మించని ఆ మెత్తని దేహాలను గుర్తించాలంటే ప్రాణంతో ఉండగానే చూడాలని చదివి కూడా తొందరపడ్డానని చాలా బాధపడ్డాను.

మధ్యాహ్నం మళ్ళీ తీరానికి వెళ్ళి, పై పొర ఇసుకను మాత్రమే బకెట్టులోకి తీసుకున్నాను. సముద్రపు నీటికి సరితూగే మెగ్నీషియం క్లోరైడు ద్రావణం పోసి పది నిమిషాలు ఆగితే, ఇసుక రేణువులను అంటిపెట్టుకున్న పురుగులు మత్తుగొని పట్టు వదులుతాయి. అప్పుడు నెమ్మదిగా కలిపి, ఇసుక అడుక్కి చేరగానే పైనీటిని 63 మైక్రాన్ల జల్లెడలో వడకట్టి, అందులో మిగిలినదాన్ని శుభ్రమైన సముద్రపు నీటిలోకి కడిగాను. కాసేపటికి మత్తు దిగి, పాత్ర అడుగున తెల్లటి చుక్క ఒకటి మెలికలేమీ తిరగకుండా జారుతూ కదిలింది. ఒంటినిండా ఉన్న సన్నని రోమాల కదలికే దానికి నడక.

దాన్ని గాజుపలక మీదికి తీసి, పైన పలుచని కవర్ స్లిప్ పెట్టి, వడపోత కాగితంతో అంచున నీటిని కొద్దికొద్దిగా పీల్చాను. దేహం చదునయ్యేకొద్దీ లోపలి భాగాలు బయటపడ్డాయి. ముందు భాగంలో పైకిందలను పసిగట్టే గుండ్రని సంచి, దానిలో మెరిసే రాయి ఒకే ఒక్కటి, అసీల్ గుర్తు! రెండు ఉంటే దాని దగ్గరి బంధువు నెమెర్టోడెర్మాటిడ్ అయి ఉండేది. పేగు గొట్టం ఎక్కడా లేదు. మింగిన డయాటమ్ అనే సూక్ష్మ శైవలాల గుల్లలు దేహమధ్యంలోని కణజాలంలోనే కనిపించాయి. మేము చదువుకున్న రోజుల్లో వీటిని చదునుపురుగులలో చేర్చి చెప్పేవారు. 1999లో జన్యువుల పోలికతో అవి వేరే శాఖ అని తేలిన సంగతి తరువాత తెలిసినా, ఆ రాయిని కళ్ళారా చూసినప్పుడే నాకు నమ్మకం కుదిరింది.

జాతి తేల్చడానికి పురుష జననాంగం ఆకారం కావాలి. తోక వైపు ఎంత వెతికినా అది కనబడలేదు, ఈ పురుగు ఇంకా ఎదగలేదు. నీరు ఆరి అంచులు చిట్లేలోగా గబగబా బొమ్మ గీసి, పక్కన 'అపరిపక్వం' అని రాసుకున్నాను. పోటు రాకముందే ఆ చోటికే మళ్ళీ చేరాలని బకెట్టు పట్టుకుని తీరం వైపు నడిచాను.