ఫీ నోయ్: కొరియా వాకిట్లో ఆగిపోతున్న థాయ్ పాస్‌పోర్టు

గల్ఫ్‌లో కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) దగ్గర్నుంచి బయటపడి, కాగితాలు లేకుండా పని చేసుకునేవాళ్లను జగిత్యాల, నిజామాబాద్ పల్లెల్లో ఖల్లివెల్లి అంటారు. థాయ్‌లాండ్‌లోనూ అలాంటి మాట ఒకటుంది: ఫీ నోయ్. ఫీ అంటే దయ్యం, నోయ్ అంటే చిన్నది. దక్షిణ కొరియాలో అనుమతి లేకుండా పని చేస్తున్న థాయ్‌వాళ్లకు సొంత దేశస్థులే పెట్టిన పేరు ఇది. పొలంలో, ఫ్యాక్టరీలో, మసాజ్ పార్లర్‌లో మనిషి ఉంటాడు, రికార్డులో మాత్రం ఉండడు. 2023 నాటికి కొరియాలో అక్రమంగా ఉంటున్న విదేశీయులు నాలుగు లక్షలు దాటారు. వాళ్లలో థాయ్‌వాళ్లే అందరికన్నా ఎక్కువ, లక్షా 40 వేల పైమాటే.

ఇంతమంది గోడ దూకి రాలేదు, పడవల్లోనూ రాలేదు. విమానం దిగి, పాస్‌పోర్టుపై ముద్ర వేయించుకుని దర్జాగా వచ్చారు. కొరియా, థాయ్‌లాండ్ 1981లో వీసా మినహాయింపు ఒప్పందం చేసుకున్నాయి. థాయ్ పాస్‌పోర్టు ఉంటే 90 రోజులు వీసా లేకుండా ఉండొచ్చు. ఈ హోదాను కొరియావాళ్లు బి-1 అంటారు. ఇక్కడే చాలామంది పొరబడతారు. 90 రోజులు దాటాకే తప్పని, ఈలోగా చేసుకున్న పని ఏమీ కాదని అనుకుంటారు. నిజానికి బి-1 మీద కూలికి వెళితే మొదటి రోజు నుంచే చట్టవిరుద్ధం. గడువు మీరడం వేరే నేరం. రెండూ కలిసి మీద పడతాయి. కొరియా ఇమ్మిగ్రేషన్ చట్టం ప్రకారం మూడేళ్ల దాకా జైలు లేదా 3 కోట్ల కొరియా వాన్‌ల దాకా జరిమానా వేయొచ్చు. పని ఇచ్చిన యజమానికీ శిక్ష ఉంది.

అయినా ఎందుకు వెళతారంటే, లెక్క అంత సూటిగా ఉంది. 2025లో కొరియా కనీస వేతనం గంటకు 10,030 వాన్‌లు. నెలకు 209 గంటల లెక్కన 20 లక్షల 96 వేల వాన్‌లు, అంటే దాదాపు 48 వేల థాయ్ బాట్. అదే ఏడాది థాయ్‌లాండ్‌లో రోజుకూలి ప్రాంతాన్నిబట్టి 337 నుంచి 400 బాట్. ఈశాన్య థాయ్‌లాండ్‌లోని ఈసాన్ ప్రాంతంలో 350కి కాస్త అటూఇటూ. నెలకు 26 రోజులు పని దొరికినా చేతికొచ్చేది తొమ్మిది వేల పైచిలుకు. ఉదోన్ థాని, ఖోన్ కేన్ లాంటి చోట్ల వరి మీద, చెరకు మీద అప్పు చేసిన ఇంట్లో ఈ తేడా నోటిలెక్కే.

సక్రమమైన దారి లేదా అంటే ఉంది. 2004లో మొదలైన ఈపీఎస్, అంటే విదేశీ కార్మికులకు కొరియా ప్రభుత్వమే పని అనుమతి ఇచ్చే పథకం. కార్మికుడికి ఈ-9 వీసా వస్తుంది. థాయ్‌లాండ్ మొదటి నుంచీ ఇందులో ఉంది. (భారతదేశం లేదు. నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంక ఉన్నాయి. తెలుగువాళ్లకు ఎవరైనా 'కొరియా ఈ-9 ఇప్పిస్తా' అంటే ఆ మాట దగ్గరే ఆగిపోవాలి.) వయసు 18 నుంచి 39. ముందు కొరియన్ భాషా పరీక్ష: చదివే ప్రశ్నలు 20, వినే ప్రశ్నలు 20, మొత్తం 50 నిమిషాలు. తర్వాత నైపుణ్య పరీక్ష, వైద్య పరీక్ష. అవన్నీ దాటితే పేరు జాబితాకి ఎక్కుతుంది. ఉద్యోగం అప్పుడూ రాదు. కొరియా యజమాని ముందు స్థానికుల కోసం ప్రకటన ఇచ్చి, ఎవరూ దొరకలేదని చూపించాలి. ఆ తర్వాత జాబితాలోంచి తనకు నచ్చిన మనిషిని ఎంచుకుంటాడు. ఎంచుకునేది యజమాని, కార్మికుడు కాదు. పరీక్ష ఫలితం రెండేళ్లే చెల్లుతుంది. ఈలోగా ఎవరూ పిలవకపోతే మళ్లీ మొదటి నుంచి రావాలి. నలభై దాటినవాడికి ఈ తలుపు ముందే మూసుకుపోయింది.

ఎంపికైనవాడికి మొదటి ఒప్పందం గరిష్ఠంగా మూడేళ్లు. ఇంకో ఏడాది పది నెలలు పొడిగించుకోవచ్చు. మొదటి మూడేళ్లలో చోటు మారే అవకాశం మూడుసార్లే, అదీ చట్టం ఒప్పుకునే కారణం ఉంటేనే. యజమాని తిట్టినా, గది బాగా లేకపోయినా చెప్పకుండా బయటికొచ్చేస్తే ఈ-9 పోతుంది, మనిషి ఫీ నోయ్ అయిపోతాడు. ఖల్లివెల్లి కథ ఎలా మొదలవుతుందో తెలిసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు.

ఈ మందకొడి దారి పక్కనే దళారీ నిలబడి ఉంటాడు. థాయ్‌లో 'నాయ్ నా'. అతని దుకాణం ఫేస్‌బుక్. టిక్కెట్టు, నాలుగు రోజుల హోటల్ బుకింగ్, యాత్రా పట్టిక, ఆఫీసరు ముందు చెప్పాల్సిన జవాబులు అన్నీ ఒకే మూటగా కట్టి, టిక్కెట్టు ఖరీదుకు ఎన్నో రెట్లు తీసుకుంటాడు. లోపలికి పోనివ్వకపోతే బాధ్యత అతనిది కాదు. డబ్బు వెనక్కి రాదు. చాలామంది ఆ డబ్బు అప్పు తెచ్చి కట్టి ఉంటారు. తిరుగు విమానంలో కూర్చున్నప్పుడే వడ్డీ మొదలవుతుంది.

ఇక వాకిలి సంగతి. 2021 సెప్టెంబరులో కొరియా, వీసా లేకుండా వచ్చేవాళ్లకు కె-ఈటీఏ అనే ముందస్తు ఆన్‌లైన్ అనుమతి పెట్టింది. రుసుము 10 వేల వాన్‌లు, తిరస్కరించినా తిరిగి ఇవ్వరు. పాస్‌పోర్టు వివరాలు, ఫొటో, ఉండబోయే చిరునామా, వృత్తి, ఇంతకు ముందు వచ్చారా అనేవి నింపాలి. బయల్దేరడానికి కనీసం 72 గంటల ముందు పెట్టాలి. 2023 జులై నుంచి అనుమతి మూడేళ్లు చెల్లుతుంది. 17 ఏళ్లు, అంతకన్నా తక్కువ వయసు పిల్లలకు, 65 నిండినవాళ్లకు అప్పటి నుంచే మినహాయింపు ఇచ్చారు. 2023 ఏప్రిల్‌లో 22 దేశాల వాళ్లకు కె-ఈటీఏ అక్కర్లేదన్నారు. అందులో జపాన్, సింగపూర్, అమెరికా ఉన్నాయి. థాయ్‌లాండ్ లేదు.

దరఖాస్తు తిరస్కరిస్తే ఎందుకో వివరంగా చెప్పరు. థాయ్‌వాళ్ల కోపమంతా ఇక్కడే. ఉద్యోగం, జీతం, బ్యాంకులో డబ్బు ఉన్నవాళ్లకూ తిరస్కరణ వస్తుంది, ఏం సరిదిద్దుకోవాలో తెలియదు. మిగిలేది రాయబార కార్యాలయంలో వీసాకు పెట్టుకోవడం. మామూలు పొరపాట్లు కొన్ని ఉన్నాయి: పాస్‌పోర్టులో ఉన్న పేరు, దరఖాస్తులో పేరు అక్షరం తేడాతో ఉండటం, పాస్‌పోర్టు కొత్తది తీసుకుని పాత నంబరు మీద వచ్చిన అనుమతితో బయల్దేరడం, అసలు సైటు అనుకుని ఎక్కువ రుసుము గుంజే దళారీ సైటులో నింపడం.

కొరియా దక్షిణాన ఉన్న పర్యాటక ద్వీపం జెజు కథ చూస్తే ఈ వడపోత ఎలా కారిపోతుందో తెలుస్తుంది. మొదట్లో జెజుకు నేరుగా వెళ్లేవాళ్లకు కె-ఈటీఏ అక్కర్లేదు. సోల్‌కు తిరస్కరణ వచ్చినవాళ్లు బ్యాంకాక్ నుంచి జెజు విమానాలు ఎక్కారు. 2022 ఆగస్టు మొదటి రోజుల్లో అక్కడ దిగిన థాయ్‌వాళ్లలో సగానికి పైగా మందిని వెనక్కి పంపారు. లోపలికి వెళ్లినవాళ్లలో కొందరు తమ యాత్రా బృందాన్ని వదిలి మాయమయ్యారు. ఆ సెప్టెంబరు నుంచి జెజుకూ కె-ఈటీఏ పెట్టారు.

కె-ఈటీఏ వచ్చినంత మాత్రాన లోపలికి వెళ్లినట్టు కాదు. సోల్ దగ్గరి ఇంచియాన్ విమానాశ్రయంలో కౌంటరు దగ్గర ఆఫీసరుకు అనుమానం వస్తే రెండో విచారణకు పక్క గదికి పంపిస్తారు. ఆ గదిని థాయ్‌వాళ్లు 'హోంగ్ యెన్' అంటారు, చల్లగది అని అర్థం. ఇమ్మిగ్రేషన్ దగ్గర చిక్కుకోవడాన్ని 'తిత్ తో మో' అంటారు. అక్కడి ప్రశ్నలు పైకి తేలికగానే ఉంటాయి. ఏ హోటల్, ఎన్ని రాత్రులు, ఎవరితో వచ్చారు, మూడో రోజు ఎక్కడికి వెళతారు, ఊళ్లో ఏం పని చేస్తారు, సెలవు ఎవరిచ్చారు? ఆఫీసరు చూసేది ఒక్కో జవాబును కాదు, అన్నీ ఒకదానికొకటి అతుకుతున్నాయా అని. నెలకు 15 వేల బాట్ జీతమని రాసి, రాత్రికి ఆరు వేల బాట్ హోటల్ చూపిస్తే అతకదు. ఇద్దరు స్నేహితులు కలిసి వచ్చి విడివిడిగా అడిగినప్పుడు వేర్వేరు ఊళ్లు చెబితే అతకదు. కంగారులో నిజమైన యాత్రికులూ తప్పు చెబుతారు, మధ్యలో దుబాసీ ఉంటే మాట ఇంకా మారిపోతుంది. కాబట్టి నిజంగా చూడటానికి వెళ్లేవాళ్లు హోటల్ బుకింగ్, తిరుగు టిక్కెట్టు, ఉద్యోగ ధ్రువీకరణ పత్రం కాగితం మీద తీసుకెళ్లాలి. యాత్ర ప్లాను ఎవరో రాసిచ్చింది కాకుండా తాము వేసుకున్నదై ఉండాలి.

ప్రవేశం నిరాకరిస్తే తీసుకొచ్చిన విమాన సంస్థే వెనక్కి తీసుకెళ్లాలి. అప్పటిదాకా విమానాశ్రయంలోని వెయిటింగ్ గదిలో ఉండాలి. దీన్నీ, దేశం లోపల దొరికి బలవంతంగా పంపించేయడాన్నీ జనం ఒకటే అనుకుంటారు. ఒకటి కాదు. వాకిట్లోంచి తిప్పి పంపినవాడు లోపల తప్పు చేసినట్టు కాదు, ఆ రికార్డు మాత్రం తర్వాతి దరఖాస్తుల్లో అడ్డు తగులుతుంది. లోపల పట్టుబడి బహిష్కరణకు గురైనవాడికి కొన్నేళ్లు ప్రవేశ నిషేధం పడుతుంది.

2023 అక్టోబరులో థాయ్ సోషల్ మీడియాలో 'కొరియా యాత్ర మానేద్దాం' అన్న హ్యాష్‌ట్యాగ్ ఊపందుకుంది. అప్పటి ప్రధాని స్రెత్తా తవిసిన్ కొరియాతో మాట్లాడతామన్నారు. 2019లో కొరియా చూడ్డానికి వెళ్లిన థాయ్‌వాళ్లు 5 లక్షల 70 వేల పైన. 2024లో మూడు లక్షల పైచిలుకే. డబ్బు ఖర్చు పెట్టేవాళ్లు జపాన్‌కు, చైనాకు మళ్లారు. పని కోసం వచ్చేవాడు మాత్రం ఆగలేదు, ఎందుకంటే అతన్ని పిలుస్తున్నది లోపలి పొలం. కొరియా పల్లెల్లో ముసలివాళ్లే మిగిలారు. స్ట్రాబెర్రీ, మిరప, నువ్వాకును పోలిన క్కెన్నిప్ ఆకు పండించే ప్లాస్టిక్ గుడారాల్లో వంగి పని చేసే మనిషి లేడు. 2024లో ఈ-9 కోటాను లక్షా 65 వేలకు పెంచారు. ఆ ఒక్క అంకె చాలు, ఆ దేశానికి చేతుల కొరత ఎంతుందో చెప్పడానికి. ఐదు నుంచి ఎనిమిది నెలలుండే ఈ-8 సీజన్ వీసా కూడా ఇస్తున్నారు. చెకింగ్ ఎంత బిగించినా, యజమాని అడుగుతున్నంత కాలం ఎవరో ఒకరు ఆ చల్లగదికి చేరుతూనే ఉంటారు. బిగింపు వల్ల నష్టపోతున్నది ఎక్కువగా నిజమైన యాత్రికుడు, లాభపడుతున్నది దళారీ. దారి ఎంత కష్టమైతే అతని మూట అంత ఖరీదు.

లోపల ఉన్నవాళ్ల బతుకు గురించి ఒక సంఘటన చెప్పాలి. 2019 సెప్టెంబరు 10న కొరియా తూర్పు తీరంలోని యోంగ్దోక్‌లో స్క్విడ్ శుద్ధి చేసే ఒక చిన్న ఫ్యాక్టరీ. భూమిలో మూడు మీటర్ల లోతు వ్యర్థాల తొట్టి. కుళ్లిన చేప వ్యర్థాల నుంచి విషవాయువు పుడుతుంది, అది బరువైనది కాబట్టి అడుగునే నిలుస్తుంది. ఒకతను లోపలికి దిగి కుప్పకూలాడు. అతన్ని లాగడానికి మిగతా ముగ్గురు దిగారు. నలుగురూ పోయారు. ముగ్గురు థాయ్‌వాళ్లు, ఒకరు వియత్నామీ. ఇలాంటి తొట్టిలో దిగేముందు గాలి పరీక్షించాలి, ఫ్యాన్‌తో గాలి ఆడించాలి, గాలి సిలిండరున్న మాస్కు పెట్టుకోవాలి. పడినవాణ్ని చూసి వెంటనే దూకడమే ఇలాంటి చావుల్లో రెండో మనిషిని, మూడో మనిషిని చంపేది.

2020 డిసెంబరులో బయటికొచ్చిన థాయ్ ప్రభుత్వ లెక్కల ప్రకారం 2015 నుంచి అప్పటిదాకా కొరియాలో కనీసం 522 మంది థాయ్‌వాళ్లు చనిపోయారు. వాళ్లలో 84 శాతం కాగితాల్లేనివాళ్లే. పదింట నాలుగు చావులకు కారణం ఏమిటో తేలలేదు. 2023 మార్చిలో పోచోన్‌లోని ఒక పందుల ఫారంలో పదేళ్లుగా పని చేస్తున్న అరవై దాటిన థాయ్ కార్మికుడు చనిపోతే, యజమాని శవాన్ని ట్రాక్టర్ మీద తీసుకెళ్లి పక్క గుట్ట మీద పడేశాడు. ఆ మనిషి ఉన్న గది పందుల దొడ్డిలోనే.

కాగితాలు లేకపోయినా చట్టం మొత్తంగా చేతులెత్తేయలేదని చాలామందికి తెలియదు. చేసిన పనికి కూలి అడిగే హక్కు ఉంది, మూడేళ్లలోపు అడగాలి. ఒకే చోట ఏడాది చేస్తే ఏడాదికి 30 రోజుల సగటు వేతనం లెక్కన పని ముగింపు సొమ్ము రావాలి. పనిలో దెబ్బ తగిలి నాలుగు రోజులు లేదా అంతకన్నా ఎక్కువ వైద్యం అవసరమైతే ప్రమాద బీమా కింద ఖర్చు, పని చేయలేని రోజులకు సగటు వేతనంలో 70 శాతం ఇస్తారు. చిక్కు ఎక్కడంటే, ఐదుగురికన్నా తక్కువమంది పనిచేసే సొంత వ్యవసాయ కమతాలకు ఈ బీమా తప్పనిసరి కాదు. పని గంటలు, వారాంతపు సెలవు నిబంధనలు కూడా వ్యవసాయానికి, పశుపోషణకు వర్తించవు. ఫీ నోయ్‌లు చాలామంది ఉండేది సరిగ్గా అక్కడే. ఆరోగ్య బీమా ఉండదు కాబట్టి జ్వరమొచ్చినా ఆసుపత్రికి వెళ్లరు, అపెండిక్స్ పగిలాక వెళతారు.

కూలి అడగడానికి సాక్ష్యం కావాలి. రోజూ ఎన్నింటికి మొదలుపెట్టారు, ఎన్నింటికి దిగారు అని ఒక నోటుబుక్కులో రాసుకోవడం, యజమాని మెసేజ్‌లు, పని చోటు బోర్డు ఫొటో, జీతం బ్యాంకులో పడితే ఆ చిట్టా. నగదు చేతికిస్తే ఆ రోజే రాసి పెట్టుకోవాలి. ఇమ్మిగ్రేషన్ విషయాలకు 1345, కార్మిక శాఖకు 1350 నంబర్లు. 1345లో థాయ్ భాష మాట్లాడేవాళ్లుంటారు.

తిరిగి పోదామనుకునేవాళ్లకు కొరియా అప్పుడప్పుడు స్వచ్ఛందంగా వెళ్లే గడువు ప్రకటిస్తుంది. గల్ఫ్ భాషలో ఆమ్నెస్టీ. 2024 సెప్టెంబరు 30 నుంచి 2025 జనవరి చివరి దాకా అలాంటి గడువు ఇచ్చి, జరిమానా మాఫీ చేశారు, ప్రవేశ నిషేధాన్నీ నిలిపేశారు. క్రిమినల్ కేసులున్నవాళ్లకు అది వర్తించలేదు. దాదాపు అవే నెలల్లో యూఏఈ ఆమ్నెస్టీ కూడా నడిచింది. పాస్‌పోర్టు గడువు తీరినవాళ్లు ముందు తమ రాయబార కార్యాలయంలో ప్రయాణ పత్రం తీసుకోవాలి, మనవాళ్లు ఔట్‌పాస్ తీసుకున్నట్టే. విమానం టిక్కెట్టు కొని, ప్రయాణానికి ముందే ఇమ్మిగ్రేషన్ దగ్గర నమోదు చేసుకోవాలి. ఆ నమోదుకు ముందే యజమాని దగ్గర బాకీ కూలి, ముగింపు సొమ్ము లెక్క తేల్చుకోవాలి. విమానం ఎక్కాక ఈసాన్‌లోని ఇంటి నుంచి ఫోన్ చేస్తే ఆ నంబరు ఎత్తే యజమానులు తక్కువ.