మైనస్ 15 గజాల వెడల్పు

"వెడల్పు మైనస్ 15 గజాలు వచ్చిందండీ, రాసెయ్యమంటారా?" అని వెనుక బెంచీ అమ్మాయి అడిగినప్పుడు, సాయంత్రం ప్రత్యేక తరగతిలో ఎవరూ నవ్వలేదు. సగం మంది పుస్తకాల్లో అదే సమాధానం ఉంది.

లెక్క నేను ఇచ్చినదే. కాలువ గట్టు పక్కనున్న కొబ్బరి మొక్కల దొడ్డి పొడవు వెడల్పు కంటే 7 గజాలు ఎక్కువ, వైశాల్యం 120 చదరపు గజాలు. అమ్మాయి వర్గ సమీకరణం సరిగానే రాసింది, దాని జవాబులు కట్టడానికి వాడే విచక్షణి 529 అనీ దాని వర్గమూలం 23 అనీ తప్పు లేకుండా కట్టింది. మూలాలు 8, మైనస్ 15 అని తేల్చి, రెండింటి కిందా స్కేలుతో గీతలు గీసి ఆగిపోయింది.

"ఋణం అంటే ఏమిటమ్మా?" అని అడిగాను. "అప్పండీ" అంది. ప్రాచీన గణితవేత్త బ్రహ్మగుప్తుడు 628లో రాసిన గ్రంథంలో ధన సంఖ్యను ఆస్తిగా, ఋణ సంఖ్యను అప్పుగా చూపి నియమాలు చెప్పాడని వివరించాను. కౌలు రైతు కూతురు. అప్పు సంగతి ఆ పిల్లకు నేను చెప్పనక్కరలేదు. కాసేపు ఆలోచించి, "మనిషికి అప్పుంటుంది గానీ దొడ్డి వెడల్పుకు ఉండదు కదండీ" అంటూ మైనస్ 15ను కొట్టేసింది.

ఎందుకు కొట్టేసిందో ఒక వాక్యం కూడా రాయించాను.

ఇన్ని నెలలూ సూత్రం వల్లె వేయించాను గానీ, వచ్చిన జవాబును దొడ్డి దగ్గర నిలబెట్టి చూడమని ఒక్కసారీ చెప్పలేదు; పదో తరగతి పరీక్షలు దగ్గరపడిన ఈ వేళ ఆ లోటు నన్ను చాలా బాధిస్తోంది. రేపు టేపు పట్టుకుని పిల్లలను గట్టు మీదికి తీసుకువెళ్తాను.