చీకటికి కళ్ళు అలవాటయ్యేదాకా: ఆర్మేనియా మఠాల్లో

ఆర్మేనియా చర్చిలకు గోడలు దళసరి, కిటికీలు చిన్నవి. ఎండలోంచి లోపలికి వెళ్ళగానే వెలుగుతున్న కొవ్వొత్తులు తప్ప ఇంకేమీ కనబడదు. గోడల మీది చెక్కడాలు, నేలలో పరచిన సమాధి పలకలు, గుమ్మటం లోపలి అంచులు ఒక్కొక్కటిగా బయటపడటానికి పది నిమిషాలైనా పడుతుంది. గెఘార్డ్ మఠంలో నేను ఉండగా ఒక పెద్ద బృందం వచ్చింది. గైడు చెప్పింది విని, ఫోటోలు తీసుకుని, కళ్ళు ఆ చీకటికి అలవాటు పడేలోపే వెళ్ళిపోయింది. పాపం, సాయంత్రంలోగా వాళ్ళకు మరో రెండు చోట్లు చూపించాలి. ఈ దేశానికి వెళ్ళాలనుకునే వాళ్ళకు సొంతంగా వెళ్ళండని, అక్కడి జనం ఎక్కే బస్సులే ఎక్కండని నేను గట్టిగా చెప్పేది ఇందుకే. ఖర్చు తగ్గడం తర్వాతి సంగతి. చూసినంతసేపు చూసే స్వేచ్ఛ దొరుకుతుంది.

రాజు త్రిదాత్ 301లో క్రైస్తవాన్ని రాజ్యమతంగా ప్రకటించాడని ఆర్మేనియన్ల సంప్రదాయం. అది 314లో జరిగిందనే చరిత్రకారులూ ఉన్నారు. ఏది ఒప్పుకున్నా, రోమన్ సామ్రాజ్యం అదే పని చేసిన 380 కంటే ఎంతో ముందు. తర్వాత పర్షియన్లు వచ్చారు, అరబ్బులు, సెల్జుకులు, మంగోలులు వచ్చారు, చివరికి చర్చిలకు తాళాలు వేసిన సోవియట్ పాలన వచ్చింది. అన్నిటినీ దాటుకుని ఆ ప్రార్థన ఈ రోజుకీ అదే ప్రాచీన భాషలో సాగుతోంది. బైబిలు చదువుతూ పెరిగిన నాకు ఆ రాళ్ళను చేత్తో తాకి చూడాలన్న కోరిక ఎన్నాళ్ళనుంచో ఉండేది.

రాజధాని యెరెవాన్‌లో బస పెట్టుకుంటే చాలా మఠాలకు పొద్దున వెళ్ళి రాత్రికి తిరిగి రావచ్చు. ఊళ్ళకు తిరిగే చిన్న వ్యాన్లను మార్ష్రుత్కా అంటారు. బోర్డులు చాలావరకు ఆర్మేనియన్ లిపిలోనే ఉంటాయి. దిగవలసిన ఊరి పేరు బస చేసిన ఇంటివాళ్ళతో కాగితం మీద రాయించుకుని డ్రైవరుకు చూపిస్తే సరిపోయింది. ఆ లిపిని 405 ప్రాంతంలో మెస్రోప్ మష్తోత్స్ అనే సన్యాసి రూపొందించాడు, బైబిలును తన ప్రజల భాషలోకి తేవడానికి. బస్సు మీది అక్షరాలు కూడా చర్చి ఇచ్చినవేనన్న మాట. అది తెలిశాక బస్‌స్టాండులో నిరీక్షణ నాకు విసుగనిపించలేదు.

మొదట ఖోర్ విరాప్ మఠం. డ్రైవరు ప్రధాన రహదారి మలుపులో దింపాడు. అక్కడినుంచి ద్రాక్షతోటల మధ్య నడక. ఎదురుగా దారి పొడుగునా అరరాత్ పర్వతం. 5,137 మీటర్ల ఆ మంచుకొండ ఆర్మేనియన్లకు ప్రాణంతో సమానం, కానీ ఉన్నది టర్కీలో. మఠం గుట్ట ఎక్కితే సరిహద్దు కంచె కనబడుతుంది. నోవహు ఓడ నిలిచిన కొండగా వాళ్ళు భావించే ఆ శిఖరాన్ని రోజూ చూస్తూ, దాని దగ్గరికి నేరుగా వెళ్ళే దారి లేకుండా బతకడం ఎలా ఉంటుందో గుట్ట మీద నిలబడినప్పుడు కొంత అర్థమైంది.

ఆర్మేనియాకు క్రైస్తవాన్ని తెచ్చిన గ్రిగోర్ లుసావొరిచ్‌ను త్రిదాత్ రాజు ఇక్కడే పదమూడేళ్ళు ఒక గోతిలో బంధించాడని కథ. దయగల ఒక స్త్రీ పైనుంచి రొట్టె పడవేసేదట. రాజుకు మతిభ్రమణం కలిగినప్పుడు, గోతిలోని మనిషే నయం చేయగలడని రాజు చెల్లెలికి కల వచ్చింది. గ్రిగోర్ బయటికి వచ్చి రాజును బాగుచేశాడు, రాజు బాప్తిస్మం పొందాడు. ఆ గోతిలోకి ఇప్పటికీ దిగవచ్చు. పక్కనున్న చిన్న ప్రార్థనాలయంలో బలిపీఠం దగ్గర నేలలో ఒక కన్నం ఉంటుంది. అందులోంచి నిటారుగా ఇనుప నిచ్చెన. రెండు చేతులూ ఖాళీగా ఉంచుకోవాలి, భుజానికి సంచి ఉంటే కన్నంలో ఇరుక్కుంటుంది. సుమారు ఆరు మీటర్ల అడుగున గుండ్రటి రాతి గది, కొవ్వొత్తుల మసి పట్టిన గోడలు, కదలని వేడి గాలి. మరో ఇద్దరు దిగేసరికే ఊపిరి ఆడటం కష్టమైంది. నిచ్చెన మీద పైకి వెళ్ళే వాళ్ళ పాదాలు చూస్తూ నా వంతు వచ్చేదాకా నిలబడ్డాను. పదమూడేళ్ళు అన్న మాటను ఆ తర్వాత నేను తేలికగా పలకలేకపోయాను.

ఆదివారానికి ఎచ్మియాజిన్‌లో ఉండేలా చూసుకున్నాను. ఎవరికైనా ఇదే చెబుతాను: మిగతా ప్రయాణమంతా ఎలా అమరినా సరే, ఆదివారం మాత్రం ఆరాధనకు ఇవ్వాలి. నాలుగో శతాబ్దం మొదట్లో పునాది వేసుకుని 483లో తిరిగి కట్టిన ప్రధానాలయం అది, ఆర్మేనియన్ చర్చికి కేంద్రం. అక్కడికి కాలినడకన వెళ్ళగలిగే దూరంలోనే 618లో కట్టిన హ్రిప్సిమె ఆలయం, 630 నాటి గయానె ఆలయం ఉన్నాయి. రోమ్ నుంచి పారిపోయి వచ్చి ఇక్కడ ప్రాణాలర్పించిన కన్యల పేరు మీద కట్టినవి. చూడటానికి ఈ మూడింటిలో హ్రిప్సిమె ఆలయమే నాకు ఎక్కువ నచ్చింది. అలంకారం దాదాపు లేదు. రాయి, కొలత, అంతే. పదమూడు శతాబ్దాలకు పైగా భూకంపాల నేల మీద నిలబడి ఉంది.

ప్రధానాలయంలో ఆదివారం ఆరాధన చూశాను. బలిపీఠం ఎత్తైన వేదిక మీద ఉంటుంది, దాని ముందు ఒక తెర. ఆరాధన మధ్యలో ఆ తెర మూసుకుంటుంది, తెరుచుకుంటుంది. పెద్ద ఉపవాస కాలమంతా మూసే ఉంచుతారు కాబట్టి ఈస్టరు ముందు వారాల్లో వెళ్ళేవాళ్ళకు బలిపీఠం కనబడదు. చిన్న గంటలు కట్టిన లోహపు విసనకర్రలను పరిచారకులు కదిలిస్తుంటే ఆ సవ్వడి గాన బృందం స్వరంలో కలిసిపోయింది. జనం ఎక్కువమంది నిలబడే ఉన్నారు. స్త్రీలు తల మీద పల్చటి గుడ్డ వేసుకున్నారు, నేనూ పైట కప్పుకున్నాను. ఒక దశలో సమాధాన వందనం, అంటే ఒకరికొకరు శాంతి చెప్పుకోవడం, మొదలైంది. అది బలిపీఠం దగ్గర బయలుదేరి ఒకరినుంచి ఒకరికి అందుతూ వెనక్కి వస్తుంది. నా పక్కనున్న పెద్దావిడ నా వైపు తిరిగి, తల కుడికీ ఎడమకూ వంచి, క్రీస్తు మన మధ్య ప్రత్యక్షమయ్యాడనే వాళ్ళ వందనం చెప్పింది. జవాబు ఏమనాలో నాకు తెలియలేదు. ఆమె నా చేయి పట్టుకుని ఆ మాటలు తానే నెమ్మదిగా రెండోసారి పలికింది, నేను ఆమె వెనుక పలికాను. అందిన వందనాన్ని నా వెనుకనున్న అబ్బాయికి అందించమని సైగ చేసింది. అందించాను. పర్యాటకురాలిగా వచ్చిన నన్ను ఆ వరుసలోంచి తప్పించకుండా అందులో ఒకరిని చేసిన ఆ తల్లికి నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను.

బయటికి వచ్చేటప్పుడు ఎవరూ బలిపీఠానికి వీపు చూపరు. గడప దాకా వెనక్కే నడుస్తారు.

ప్రాంగణంలో ఒక ముసలాయన నేను ఏ దేశం నుంచి వచ్చానో అడిగి తెలుసుకుని, "మద్రాస్!" అన్నాడు. ప్రపంచంలో మొట్టమొదటి ఆర్మేనియన్ పత్రిక 1794లో మద్రాసులో అచ్చయింది. నడిపింది అక్కడి ఆర్మేనియన్ గురువు ఒకాయన. వర్తకానికి వెళ్ళిన చోట్లకు వాళ్ళు చర్చినీ అచ్చుయంత్రాన్నీ కూడా తీసుకెళ్ళారు. ఆ ఒక్క మాటతో మాకు పరిచయం కుదిరింది. భాష తెలియకపోయినా చాలాసేపు బల్ల మీద కూర్చున్నాం.

గెఘార్డ్‌కు బస్సు గార్ని ఊరి దాకానే. అక్కడినుంచి అజాత్ నది లోయ వెంట సుమారు పది కిలోమీటర్లు. వెళ్ళేటప్పుడు టాక్సీ మాట్లాడుకున్నాను, వచ్చేటప్పుడు నడిచాను. యేసు ప్రక్కలో పొడిచిన ఈటె ఒకప్పుడు ఇక్కడ ఉండేదని నమ్మకం, మఠానికి ఆ పేరు దానివల్లే వచ్చింది. ఆ ఈటెగా భావించేది ఇప్పుడు ఎచ్మియాజిన్‌లో ఉంది. పెద్ద చర్చి 1215లో కట్టినది. దాని పడమటి వైపు ముఖమండపం లాంటి విశాలమైన గది, వాళ్ళ మాటలో గవిత్. సగం కట్టడం, సగం కొండ. అందులోంచి పక్క గుమ్మంలోకి అడుగేస్తే ఇక కట్టడం లేదు. స్తంభాలు, తోరణాలు, గుమ్మటం, బలిపీఠం అన్నీ ఒకే కొండను తొలిచి చేసినవి. వెలుగు రావడానికి గుమ్మటం నడినెత్తిన ఒక్క రంధ్రం. మొదటి రాతి చర్చిలో గోడలోంచి ఊట నీరు కారుతుంది. ఈ మఠం పుట్టకముందు నుంచీ జనం ఆ ఊటను పవిత్రంగా చూసేవారట. ఇప్పటికీ దోసిళ్ళతో పట్టుకుని ముఖానికి రాసుకుంటున్నారు.

పక్క గది ప్రోషియన్ అనే ఆర్మేనియన్ ప్రభు వంశం వాళ్ళ సమాధి మందిరం. మొదట గోడ మీద ఏదో గరుకుగా ఉందనిపించింది, అంతే. కాసేపటికి ఎద్దు తల తెలిసింది. తర్వాత దాని నోట్లోని గొలుసు, గొలుసు చివర్ల చెరో సింహం, వాటి కింద గొర్రెపిల్లను గోళ్ళతో పట్టుకున్న గద్ద. ఆ రాయి అంతసేపూ నా ముందే ఉంది. పైనున్న గదికి బయటి మెట్లు ఎక్కి, గోడలనిండా సిలువలు చెక్కిన ఇరుకు దారిలో వెళ్ళాలి. 1288లో తొలిచిన ఆ గదిలో నేలకు ఒక కన్నం, దాంట్లోంచి కింది మందిరం కనబడుతుంది. ఎవరూ లేని సమయం చూసి నాకు వచ్చిన ఒక తెలుగు కీర్తన మెల్లగా ఎత్తుకున్నాను. ఒక్క గొంతుతో పాడింది నాలుగు గొంతులుగా తిరిగి వచ్చింది. చరణం పూర్తయ్యేసరికి కింద నిలబడి వింటున్న ఇద్దరు ముగ్గురు కన్నంలోంచి పైకి చూస్తున్నారు. ఇంకొకటి పాడమన్నారు, పాడాను.

నొరావాంక్ గురించి క్లుప్తంగా. ఎర్రటి కొండల లోయలో ఉంటుంది, మఠం దాకా బస్సు లేదు. రహదారి మీద దిగితే ఎనిమిది కిలోమీటర్ల దారి. సగంలో ఒక కుటుంబం కారు ఆపి ఎక్కించుకుంది. 1339లో పూర్తయిన రెండంతస్తుల చర్చి ముఖం మీద పై అంతస్తుకు రాతి మెట్లు ఉన్నాయి. పాదం పట్టేంత వెడల్పు, పట్టుకోవడానికి ఏమీ లేదు. ఎక్కడం కంటే దిగడం కష్టం. ఫోటోల్లో చూసి వెళ్ళేవాళ్ళు ఆ మెట్ల దగ్గరే ఆగిపోతారు గానీ, పక్కనున్న పాత చర్చి గవిత్ కిటికీ మీద బాదంకాయ కళ్ళతో ఉన్న తండ్రియైన దేవుని చెక్కడం అంతకంటే అరుదైనది. తండ్రిని రూపంలో చెక్కడం అక్కడి శిల్పులు సాధారణంగా చేయని పని.

ఉత్తరాన దెబెద్ లోయ అంచున ఉన్న హఘ్పాత్, సనాహిన్ మఠాలకు మాత్రం రాజధాని నుంచి ఒక్కరోజులో వెళ్ళి రావడం మంచిది కాదు. అలావెర్ది దాకా వ్యాన్‌లో వెళ్ళి హఘ్పాత్ ఊళ్ళోనే రాత్రి ఉన్నాను. రాణి ఖొస్రొవానుష్ పదో శతాబ్దంలో పునాది వేసిన ఈ మఠాలు వందల ఏళ్ళు చదువుల చోట్లు. సనాహిన్‌లో రెండు చర్చిల మధ్య ఒక కప్పున్న నడవ ఉంది, గురువులు పాఠాలు చెప్పింది అక్కడేనని చెబుతారు. నేలంతా సమాధి పలకలు. తొక్కకుండా నడవడం కుదరదు. పదిమంది పాదాల కింద పడుకోవడమే వినయమని ఆ ప్రభువులూ గురువులూ కోరుకున్న చోటు అది. అయినా ప్రతి అడుగూ ఆలోచించి వేశాను. హఘ్పాత్ గ్రంథాలయంలో ఇప్పుడు పుస్తకాలు లేవు. తర్వాతి కాలంలో సరుకులు దాచడానికి నేలలో పాతిన పెద్ద పెద్ద జాడీల మూతులు మాత్రం ఉన్నాయి.

ఆ మఠంలోనే 1273 నాటి సిలువరాయి ఒకటి ఉంది. వీటిని ఖచ్కార్ అంటారు. సాధారణంగా వాటిమీద క్రీస్తు శరీరం ఉండదు. సిలువ అడుగునుంచి ఆకులు చిగురిస్తాయి, చుట్టూ జరీ అల్లికలాంటి పని. ఈ రాయి మీద మాత్రం సిలువ వేయబడిన ప్రభువు, ఆయన్ను దింపుతున్న వాళ్ళు, దేవదూతలు, శిష్యులు ఉన్నారు. పాత ఎరుపు రంగు ఇంకా అంటుకుని ఉంది. పొద్దున వెలుగులో, మళ్ళీ సాయంత్రం వెలుగులో చూశాను. పొద్దున కనిపించని ముఖాలు సాయంత్రం కనిపించాయి.

హఘ్పాత్ నుంచి సనాహిన్‌కు రోడ్డు మీద కంటే కాలిబాటలో వెళ్ళడం నాకు బాగుంది. 13వ శతాబ్దపు కాయన్ కోట శిథిలాల మీదుగా లోయ అంచుల్లో సాగుతుంది. వాన పడితే జారుడు, మంచి బూట్లు కావాలి, నీళ్ళు దగ్గర పెట్టుకోవాలి. ఒకప్పుడు ఒక మఠం సన్యాసులు రెండో మఠానికి ఇలాంటి దారుల్లోనే గ్రంథాలు మోసుకెళ్ళి ఉంటారు.

దక్షిణాన ఉన్న తాతెవ్ మఠం చూడటం నాకు ఇంకా మిగిలి ఉంది. దానికి 2010 నుంచి 5.7 కిలోమీటర్ల రోప్‌వే ఉంది, నిమిషాల్లో లోయ దాటిస్తుంది. నేను వెళ్ళేటప్పుడు మాత్రం వొరొతాన్ లోయలోకి దిగి, అడుగున పాడుబడి ఉన్న పాత ఆశ్రమం చూసి, అవతలి గట్టు నడిచి ఎక్కాలనుకుంటున్నాను. వసంతం చివర్లో అయితే బాట ఎండి ఉంటుందని, చీకటి పడేలోపు పైకి చేరుకోవచ్చని హఘ్పాత్‌లో నాకు గది ఇచ్చిన ఇంటివాళ్ళు చెప్పారు.