మాగాయకీ సోలార్‌కీ ఒకటే డాబా

మా ఇంటి మీటరు మొన్నమొన్నటి దాకా నాన్న పేరు మీదే ఉండేది. నాన్న పోయి ఆరేళ్ళు. బిల్లు నెలనెలా ఆయన పేరుతో వచ్చేది, నేను ఫోన్‌లో కట్టేసేదాన్ని. పేరు మార్పించాలని ఎవరికీ తోచలేదు. నిజం చెప్పాలంటే, బిల్లు మీద ఆ పేరు కనిపిస్తుంటే అదో ధైర్యం.

సోలార్ పెట్టిద్దామని పోర్టల్‌లో సర్వీసు నంబరు కొట్టగానే ఆ పేరే వచ్చి కూర్చుంది. సబ్సిడీ నా ఖాతాలో పడాలంటే కనెక్షన్ కూడా నా పేరు మీద ఉండాలన్నాడు పెట్టే కుర్రాడు. డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, నాకు అభ్యంతరం లేదని మధురవాడలో ఉండే అక్క రాసిచ్చిన కాగితం... ఫిబ్రవరి 2025 అంతా ఆ తిరుగుడుకే సరిపోయింది. సూర్యుడు ఉచితమే, జిరాక్సులు మాత్రం కాదు.

పథకం అందరికీ తెలిసిందే. ఇంటి డాబా మీద సోలార్ పెట్టుకుంటే కేంద్రం సబ్సిడీ ఇచ్చే పీఎం సూర్యఘర్, 2024 ఫిబ్రవరిలో వచ్చింది. ఒక కిలోవాట్‌కి రూ.30,000, రెండింటికి రూ.60,000, మూడు గానీ అంతకుమించి గానీ పెడితే రూ.78,000 దగ్గర ఆగిపోతుంది. మేం రెండు కిలోవాట్లు అనుకున్నాం. ఖర్చు రూ.1,35,000 చెప్పారు, సబ్సిడీ పోను రూ.75,000. ఇంతవరకూ ఎవరికీ గొడవ లేదు.

గొడవ డాబా మీద మొదలైంది.

మాది విశాఖపట్నంలో కంచరపాలెం. కింద ఒక వాటా, పైన మేము, ఆపైన డాబా. డాబా మీద ఒక మూల నీళ్ళ ట్యాంకు, ఇంకో మూల పక్కింటి కొబ్బరిచెట్టు నీడ. మిగిలిన జాగా అమ్మది. మార్చి నుంచి సగ్గుబియ్యం వడియాలు, తర్వాత మినప వడియాలు, మేలో మాగాయ. పాత చీర పరిచి నాలుగు మూలలా ఇటుకలు పెట్టి ఉప్పులో ఊరిన ముక్కలు ఆరేస్తుంది. ఒక్కో పలక ఏడున్నర అడుగుల పొడవు, మూడున్నర పైచిలుకు వెడల్పు, అలాంటివి నాలుగు. వాటికి కావాల్సింది కూడా సరిగ్గా ఆ జాగాయే. ట్యాంకు నీడ ఒక్క పలక మీద పడినా దానితో కలిపిన మిగతావాటి కరెంటు కూడా పడిపోతుందట.

"ఏటే, డాబా అంతా కప్పీస్తావేటి? మాగాయ నీ నెత్తి మీద ఎండబెట్టాలా?" అంది అమ్మ.

పెట్టే కుర్రాడు తెలివైనవాడే. "ఎనిమిదడుగుల ఎత్తులో స్టాండ్లు వేస్తాం అమ్మా, కింద జాగా అంతా మీదే, చల్లగా కుర్చీలేసుకుని కూర్చోవచ్చు" అన్నాడు.

"వడియాలకి చల్లదనం కాదు బాబూ, ఎండ కావాలి" అంది.

పైగా ఎత్తు పెంచితే గాలి భయం. ఈ ఊళ్ళో డాబా మీద ఏం పెట్టాలన్నా 2014 అక్టోబరు 12 గుర్తుకు రాకుండా ఉండదు. హుద్‌హుద్ తుఫాను రోజు మా నీళ్ళ ట్యాంకు ఎగిరి వెనకింటి డాబా మీద పడింది. అమ్మకి ఇప్పటికీ గాలివానంటే ఆ చప్పుడే. "మళ్ళీ అలాంటిది వస్తే ఈ రేకులు ఎవరింట్లో పడతాయో?" అని అడిగింది. కుర్రాడి దగ్గర సమాధానం ఉంది: స్టాండు కాళ్ళు కాంక్రీటు దిమ్మెల్లో కూర్చుంటాయి, సముద్రపు గాలికి తుప్పు పట్టకుండా జింకు పూత వేసిన ఇనుము. అమ్మ దిమ్మెని కాలితో తట్టి చూసి ఏమీ అనలేదు. చివరికి పలకలన్నీ దక్షిణం వైపు వాలుగా, నడుమెత్తులో, ఒకే వరసలో వచ్చాయి. తూర్పు పిట్టగోడ పక్కన ఒక మంచమంత చోటు అమ్మకి మిగిలింది.

ఏప్రిల్ మధ్యలో బిగింపు అయిపోయింది. ఇక కరెంటే కరెంటు అనుకున్నాను. "నెట్ మీటరు వచ్చేదాకా స్విచ్ వెయ్యకండి మేడం" అన్నాడు కుర్రాడు. లోపలికి వచ్చిన కరెంటునీ, మనం బయటికి పంపినదాన్నీ విడివిడిగా లెక్కేసే మీటరు అది. పాత డిజిటల్ మీటర్లలో కొన్నిటికి కరెంటు లోపలికి వచ్చిందా, బయటికి వెళ్ళిందా అన్న తేడా తెలియదట. మనం బయటికి పంపినదాన్ని కూడా వాడుక కిందే లెక్కేస్తాయి. అంటే మనం కరెంటు ఇచ్చి మనమే డబ్బు కట్టాలి. రెండు వారాల్లో వస్తుందన్న మీటరు మే ఆఖరుకి గానీ రాలేదు. రోహిణీ ఎండలో పలకలు ఊరికే పడున్నాయి, కింద మా ఏసీ బయటి లైను (గ్రిడ్) కరెంటు తాగుతూనే ఉంది. ఆ పలకల నీడన పిల్లి ఈనింది. ఆ సీజన్‌లో డాబాని పూర్తిగా వాడుకున్నది అదొక్కతే.

ఇంకో సంగతి ముందే తెలిసుంటే బాగుండేది. కరెంటు పోతే సోలార్ కూడా పోతుంది! మిట్టమధ్యాహ్నం, తలమీద సూర్యుడు, ఇంట్లో ఫ్యాను ఆగిపోయింది. బ్యాటరీ లేకుండా గ్రిడ్‌కి కలిపిన సిస్టమ్ అంతే. లైను చచ్చిందనుకుని స్తంభం ఎక్కే లైన్‌మన్‌కి మన డాబా మీది కరెంటు తగలకూడదని, పలకల కరెంటుని ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్ తనంతట తనే ఆగిపోతుంది. న్యాయమే. అమ్మ మాత్రం "లక్షన్నర పెట్టి ఇదా" అని విసనకర్ర తీసింది. (లక్షన్నర కాదని చాలాసార్లు చెప్పాను.)

ఇక దుమ్ము. మా వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఉదయం తెల్లటి బనీను ఆరేస్తే సాయంత్రానికి మడతల్లో నల్లటి గీత ఉంటుంది. వారం తుడవకపోతే పలక మీద వేలితో పేరు రాయొచ్చు. తెల్లారకముందే, పలక చల్లగా ఉన్నప్పుడే నీళ్ళు కొట్టి తుడవాలి. మొదటిసారి తుడిచినప్పుడు తూములోకి జారిన నీళ్ళు కాటుక కడిగినట్టున్నాయి. తుడిచిన రోజు మంచి ఎండుంటే 9 యూనిట్లు, జులైలో ముసురు పట్టిన రోజు 3.

నేను అకౌంట్స్ పని చేస్తాను కాబట్టి లెక్క వెయ్యకుండా ఉండలేను. మన రాష్ట్రంలో ఇంటి కరెంటుకి మొదటి 30 యూనిట్లు రూ.1.90 చొప్పున, అక్కణ్ణుంచి 75 దాకా రూ.3, 125 దాకా రూ.4.50, 225 దాకా రూ.6, 400 దాకా రూ.8.75. ఇవి మెట్లు. వేసవిలో మాకు 330 యూనిట్లు అవుతాయి. మిగతా చార్జీలు పక్కన పెడితే రూ.1,936. సోలార్ నెలకి 240 ఇచ్చిందనుకుంటే మిగిలేది 90 యూనిట్లు, దానికి రూ.260. నరుక్కుపోయినవన్నీ పై మెట్లే, ఖరీదైనవి. అంటే సోలార్ ఇచ్చే యూనిట్ ఒక్కోటి నాకు దాదాపు రూ.7 మిగులుస్తోంది.

ఇప్పుడు కింది వాటా. అద్దెకున్న అమ్మాయి మిషను కుడుతుంది, వాళ్ళాయన ఆటో నడుపుతాడు. నెలకి 95 యూనిట్లు. రూ.282. అవే పలకలు వాళ్ళవైతే యూనిట్‌కి మిగిలేది రూ.3 కూడా లేదు. అసలు వాళ్ళవి కానే కావు, డాబా నాది. ఏసీ ఉన్న నాకు ప్రజల డబ్బు రూ.60,000 వచ్చింది. ఫ్యాను కింద మిషను కుట్టే ఆమెకి ఏమీ రాలేదు. కొన్నాళ్ళ కిందట సర్దుబాటు చార్జీ అని యూనిట్‌కి 40 పైసలు వేసినప్పుడు మాత్రం ఇద్దరి బిల్లులోనూ వేశారు. ఆమె 38 రూపాయలు ఎందుకని నన్నే అడిగింది. కరెంటు కొన్న ఖర్చు పెరిగితే మన మీద వేస్తారమ్మా అన్నాను. "నేను ఎక్కువ కాల్చలేదు కదక్కా" అంది.

పథకం తప్పని నేననను. పరవాడలో 2,000 మెగావాట్ల బొగ్గు ప్లాంటు పెట్టుకున్న ఊరివాళ్ళం, డాబాల మీద పలకలు పెరగాల్సిందే. అపార్టుమెంట్లకి కూడా లిఫ్టు, మోటారు లాంటి ఉమ్మడి వాడకానికి కిలోవాట్‌కి రూ.18,000 ఇస్తున్నారు. అక్క వాళ్ళ అసోసియేషన్‌లో దాని మీద మూడు మీటింగులు అయ్యాయి, మూడుసార్లూ పార్కింగ్ గొడవతో ముగిశాయి. కానీ నాకు బాగా గుర్తున్న పథకం వేరే. హుద్‌హుద్ తర్వాతి రోజుల్లో నాన్న రెండు పాత ఫిలమెంటు బల్బులు న్యూస్‌పేపర్లో చుట్టి పట్టుకెళ్ళి, వరసలో నిలబడి, ఒక్కోటి పది రూపాయలకి రెండు ఎల్‌ఈడీలు తెచ్చారు. అప్పట్లో కింద అద్దెకున్న ముసలాయన కూడా ఆ వరసలోనే నిలబడి తెచ్చుకున్నాడు. డాబా ఎవరిదని ఎవరూ అడగలేదు.

ఆ సంగతి మనసులో మెదులుతూనే ఉంది. దసరాకి కింద వాటాలో, ఆమె మిషను పైనున్న ఫ్యాను మార్పించాను. పాతది 75 వాట్లు. కొత్తది తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ రకం, 28 వాట్లు. రోజుకి పదిహేను గంటలు తిరిగే ఫ్యాను, నెలకి 21 యూనిట్లు తగ్గాలి. 95లోంచి 21 పోతే 74. రూ.3 మెట్టు మీదే ఆగిపోతుంది, బిల్లు రూ.282 నుంచి రూ.189కి దిగుతుంది. ఈ లెక్క ఆమెకి బిల్లు వెనక రాసిచ్చాను. (2025 సెప్టెంబరు 22 నుంచి సోలార్ సామాను మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5కి తగ్గింది. మేం ఏప్రిల్‌లోనే కొనేశాం. ఈ లెక్క ఎవరికీ రాసివ్వలేదు.)

మొదటి నెల బిల్లులో 77 యూనిట్లు వచ్చాయి. ఆమె కాగితం పట్టుకుని పైకొచ్చింది.

"74 అన్నావు కదక్కా."

"మూడు యూనిట్లే కదమ్మా. పదమూడు రూపాయలు కూడా లేదు."

"మా చెల్లి పిల్లలు నాలుగు రోజులు ఉన్నారు, టీవీ ఆపలేదు" అని తనలో తనే అనుకుంటూ కిందికి దిగింది. అమ్మ తూర్పు పిట్టగోడ దగ్గర ఉసిరికాయలు ఆరేస్తూ, ఈ వేసవికి ఇక్కడ చీర పట్టదు, తువ్వాలే పరచాలి అంటోంది.