తంబుత్తేగమ వెళ్లే రైల్లో 69 లక్షల ఓట్ల లెక్క

కొలంబోలో గాల్ ఫేస్ మైదానానికి వెళ్లి చూస్తే ఏమీ లేదు. దిగిన సాయంత్రమే వెళ్లాను, శ్రీలంకలో అన్నిటికన్నా ముందు చూడాలనుకున్న చోటు అదే కాబట్టి. అప్పటి అధ్యక్షుడు గోటాబయ రాజపక్స దిగిపోవాలంటూ 2022 ఏప్రిల్ 9 నుంచి జనం గుడారాలు వేసుకుని, వంటశాల, లైబ్రరీ, వైద్య శిబిరం అన్నీ పెట్టుకుని, ‘గోటా గో గామ’ అని పేరు పెట్టి ఒక ఊరే కట్టుకున్న జాగా. మనమంతా ఫోన్లలో చూశాం. ఇప్పుడక్కడ గాలిపటాలు, ఐస్‌క్రీం బళ్లు, సముద్రం వైపు తిరిగి కూర్చున్న జంటలు. ఒక పలక గానీ బోర్డు గానీ ఏదీ నా కంటపడలేదు. ఎదురుగా పాత పార్లమెంటు భవనం, అదే ఇప్పటి అధ్యక్ష సచివాలయం, రాతి స్తంభాలతో కడిగిన ముత్యంలా ఉంది. జులై 22 తెల్లవారకముందే, కొత్త అధ్యక్షుడు ప్రమాణం చేసి ఒక రోజైనా కాకుండానే, సైన్యం వచ్చి గుడారాలు పీకేసింది ఇక్కడే. ఎన్నికైన అధ్యక్షుణ్ణి జనం ఇంటికి పంపించిన చోట దాని గుర్తు ఒక్కటీ లేకపోవడం చూస్తే నాకు ఒళ్లు మండింది.

ఆ మంట మీద ఇస్సో వడలు తిన్నాను. పప్పు వడ మీద రొయ్యలు అద్ది వేయించి, ఉల్లిపాయ కారం పోసి ఇస్తారు. రుచికి వంక పెట్టలేం గానీ నాలుగు వడలకు మన డబ్బుల్లో రెండు వందలు దాటింది (అప్పుడు మన రూపాయికి అక్కడ మూడున్నర వచ్చేవి, అయినా అంతే). ఇక సిగిరియా కొండ ఎక్కడానికి విదేశీయుల దగ్గర డాలర్లలో వసూలు చేస్తారు, మనలాంటి సార్క్ (దక్షిణాసియా) దేశాలవాళ్లకు తగ్గింపు ఉందంటే కాస్త ఊపిరి పీల్చుకున్నాను. సిగిరియా, కాండీ గురించి ఇంతకంటే రాయను, అందరూ రాశారు, ఫొటోలూ ఉన్నాయి.

నేను రాయాలనుకున్నది ఫోర్ట్ స్టేషన్‌లో ఎక్కిన అనురాధపురం బండి గురించి. 2025 మే నెలాఖరు, చెమటలు కారే ఉక్క. టికెట్ మాత్రం చవక, వడల ధరతో పోలిస్తే అసలు టికెట్టే కాదు. నేను దిగాల్సింది తంబుత్తేగమలో. ఇప్పటి అధ్యక్షుడు అనుర కుమార దిసనాయకె పెరిగిన ఊరు. కానీ నేను వెళ్తున్నది ఆయన కోసం కాదు, ఆ పక్కనే కూడగమలో తెలుగు మాట్లాడే మనుషులున్నారని ఎప్పుడో చదివాను, అందుకని.

పక్క సీట్లో యాభై దాటిన మనిషి, ఒళ్లో పిల్లల నోటు పుస్తకాల కట్ట. కొలంబో దగ్గర ప్రభుత్వ బళ్లో లెక్కల మాస్టారట, గల్‌గమువలో ఉన్న తల్లిని చూడటానికి వెళ్తున్నారు. ఏ ఊరు, ఏం ఉద్యోగం, హైదరాబాద్ బిర్యానీ, క్రికెట్ అన్నీ అయ్యాయి. పోల్గహవెల దాటాక ఉండబట్టలేక అడిగేశాను, సార్, ఆ మైదానంలో ఒక గుర్తు కూడా ఎందుకు పెట్టుకోలేదు మీరు అని. ఆయన నన్ను కాసేపు చూసి, “తమ్ముడూ, అక్కడికి వెళ్లినవాళ్లలో సగం మందిమి అంతకు మూడేళ్ల ముందు ఆయనకే ఓటేశాం” అన్నారు.

2019 నవంబర్‌లో గోటాబయ రాజపక్సకు వచ్చినవి 69 లక్షల పైచిలుకు ఓట్లు, 52.25 శాతం. వాళ్లూ మనలాగే లక్షల్లోనే లెక్కపెడతారు, ‘69 లక్షలు’ అనేది అక్కడ ఇప్పుడొక ఎత్తిపొడుపు మాట. మరుసటి ఏడాది పార్లమెంటులో ఆయన పార్టీకి 145 సీట్లు, మిత్రులతో కలిపి మూడింట రెండొంతులు. ఆ బలంతో 20వ సవరణ తెచ్చి అధికారాలన్నీ అధ్యక్షుడి చేతికి ఇచ్చేశారు. పన్నులు తగ్గించారు, ఖజానాకు రాబడి పోయింది. 2021లో ఉన్నట్టుండి రసాయన ఎరువులు నిషేధించారు, వరి కుప్పకూలింది. మాస్టారి తమ్ముడు గల్‌గమువలో వరి వేస్తాడు, ఆ ఏడాది తిండిగింజలు కొనుక్కున్నారట. 2022 మార్చి ఆఖరికి రోజుకు 13 గంటలు కరెంటు లేదు, పెట్రోలు కోసం రోజుల తరబడి క్యూలు, ఏప్రిల్‌లో దేశం అప్పులు కట్టలేనని చేతులెత్తేసింది. అన్ని ఓట్లున్న మనిషికి ఎదురు చెప్పేవాళ్లు లేకపోయారు, ఎరువుల సంగతి రైతులు మొత్తుకున్నా వినే నాథుడు లేడు, అదీ మాస్టారి బాధ. “69 లక్షలు మేం ఇచ్చింది ఐదేళ్లు పని చేయమని, మా మాట వినకుండా ఉండమని కాదు.”

2022 జులై 9న జనం అధ్యక్షుడి ఇంటి మీదికి వెళ్లినప్పుడు మాస్టారు కూడా వెళ్లారు. రైళ్లు ఆపుతున్నారంటే తెల్లవారుజామునే బయల్దేరి కొంత దూరం నడిచి, కొంత దూరం లారీ వెనక. అధ్యక్షుడి ఇంట్లో ఈతకొలను దగ్గర తోపులాట, పై గదిలో నోట్ల కట్టలు దొరికితే కుర్రాళ్లు లెక్కపెట్టి, కోటీ 78 లక్షలు, పోలీసులకు అప్పజెప్పారు. ఆ సంగతి చెప్తున్నప్పుడు ఆయన ముఖం వెలిగింది. కానీ అదే రాత్రి అప్పటి ప్రధాని రణిల్ విక్రమసింఘె సొంత ఇల్లు తగలబెట్టారు, మే 9న నిట్టంబువలో ఒక ఎంపీని గుంపు చంపేసింది, ఇవి కూడా తనే చెప్పారు, నేను అడగలేదు. “అందుకే గుర్తు పెట్టమంటే ఏ రోజుది పెట్టాలి?” అన్నారు.

మహో దగ్గర బండి చాలాసేపు ఆగింది. వడలమ్మే కుర్రాడు ‘వడే వడే వడే’ అంటూ పెట్టె పొడుగునా తిరుగుతున్నాడు. మాస్టారు రెండు కొని ఒకటి నా చేతిలో పెట్టి, అసలు విషయానికి వచ్చారు. జనం తరిమేసిన మనిషి స్థానంలో వచ్చింది ఎవరు? 2020 ఎన్నికల్లో తనూ ఓడిపోయి, పార్టీకి ఒక్క సీటూ గెలిపించలేక, దేశమంతా వచ్చిన ఓట్లను బట్టి పార్టీలకిచ్చే జాతీయ జాబితా కింద దక్కిన ఒకే ఒక్క సీటుతో పార్లమెంటుకి వచ్చిన రణిల్. జులై 20న పార్లమెంటు 134 ఓట్లతో ఎన్నుకుంది. రాజ్యాంగం ప్రకారం అంతా సక్రమం, అది మాస్టారు కాదనలేదు. క్యూలు పోయాయి, క్యూఆర్ కోడ్‌తో పెట్రోలు వచ్చింది, ఐఎంఎఫ్ అప్పు వచ్చింది, అది ఆయన చలవేనని కూడా ఒప్పుకున్నారు. కానీ 2023 మార్చిలో జరగాల్సిన స్థానిక ఎన్నికలు డబ్బు లేదని ఆపేశారు. మాస్టారి బావమరిది ప్రభుత్వ ఆఫీసులో గుమస్తా, నామినేషన్ వేసి జీతం లేని సెలవు పెట్టాడు, ఎన్నిక ఆగిపోవడంతో అటు ఉద్యోగమూ ఇటు పదవీ లేక నెలల తరబడి నలిగిపోయాడు. 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు అలా ఆపడం పౌరుల ప్రాథమిక హక్కుల ఉల్లంఘనేనని తేల్చింది. నాకు కోపం వచ్చింది కూడా ఇక్కడే. జనం ఓటు లేకుండా కుర్చీ ఎక్కిన మనిషి అందరికన్నా ముందు ఓటుకే పోవాలి కదా, ఉన్న ఓటునే ఆపేస్తే ఎలా?

అప్పుడు నేను ఆయనకు మా నాన్న చెప్పే 1984 కథ చెప్పాను. ఆగస్టు 16న గవర్నరు ఎన్టీ రామారావు ప్రభుత్వాన్ని తీసేసి నాదెండ్ల భాస్కరరావుతో ప్రమాణం చేయించినప్పుడు మా నాన్న డిగ్రీ కుర్రాడు, నల్గొండ బస్టాండు దగ్గర ధర్నాలో కూర్చుని లాఠీ దెబ్బ తిన్నాడు, ఆ మచ్చ మోకాలి కింద ఇంకా ఉంది. నెల తిరిగేసరికి, సెప్టెంబర్ 16న, రామారావు మళ్లీ ముఖ్యమంత్రి. మేం ఓటేసిన మనిషిని నిలబెట్టుకోవడానికి రోడ్డెక్కాం, మీరు ఓటేసిన మనిషిని దించడానికి ఎక్కారు అన్నాను. మాస్టారు “తర్వాత?” అన్నారు. తర్వాత ఆయన అసెంబ్లీ రద్దు చేసి 1985 మార్చిలో మళ్లీ ఎన్నికలకు వెళ్లాడు, 202 సీట్లు వచ్చాయి. మాస్టారు తొడ మీద చరుచుకుని “అదీ!” అన్నారు. పక్కవాళ్లంతా మా వైపు తిరిగారు.

నా నోటుబుక్ లాక్కుని ఓటు కాగితం గీయడం మొదలుపెట్టారు. 2024 సెప్టెంబర్ 21న అధ్యక్ష ఎన్నికకు ఆయన లెక్కింపు డ్యూటీలో ఉన్నారు. 39 పేర్లు, మూర దాటిన కాగితం. ఇష్టమైతే 1, 2, 3 అని వరసగా వేయొచ్చు. ఎవరికీ సగం దాటకపోతే మొదటి ఇద్దరినీ ఉంచి మిగతావాళ్ల ఓట్లు తీసి, వాటిలో రెండో గడి, మూడో గడి ఈ ఇద్దరిలో ఎవరికి పడ్డాయో చూస్తారు. అనుర కుమారకు 42.31 శాతమే వచ్చింది, సజిత్ ప్రేమదాసకు 32.76, రణిల్‌కు 17 చిల్లర. దేశ చరిత్రలో మొదటిసారి రెండో లెక్క అవసరమైంది. రాత్రంతా మేలుకున్నవాళ్లు మళ్లీ కట్టలు విప్పారు. చాలా కాగితాల మీద 1 తప్ప ఇంకేమీ లేదట, కొన్నిటి మీద మాత్రం పెన్ను నొక్కి నొక్కి 2 అని రాసి ఉందట. ఆ నొక్కడం నాకు చూపించడానికి ఆయన నోటుబుక్‌లో రాసిన 2 అవతలి పేజీలో కూడా అచ్చు పడింది. రెండో లెక్కలోనూ గెలిచింది అనుర కుమారే, కానీ సగం కంటే ఎక్కువ మంది మొదటి ఎంపికగా ఆయన్ని కోరుకోలేదన్నది నిజం. ఆయన చేసిందేమిటంటే మూడు రోజుల్లో పార్లమెంటు రద్దు చేశాడు. నవంబర్ 14న మళ్లీ జనం దగ్గరికి వెళ్తే, మూడు సీట్లున్న కూటమికి 225లో 159 వచ్చాయి.

ఆ కూటమిని నడిపించే అనుర కుమార పార్టీ, జేవీపీ, 1971లో, 1987-89లో తుపాకీతో రాజ్యం పడగొట్టాలని చూసింది. మాస్టారి పెద్దన్నను 1989లో ఎవరో ఇంట్లోంచి తీసుకెళ్లారు, మళ్లీ రాలేదు. ఎవరు తీసుకెళ్లారు, సైన్యమా ఇంకెవరైనానా, ఇప్పటికీ తెలీదు. తన కొడుకు చేతిలో కరపత్రాలు పెట్టింది ఆ పార్టీ వాళ్లేనని తల్లి వాళ్లను క్షమించలేదు, దేశమంతా ఆ గుర్తుకు వేసినా ఆవిడ వేయలేదు. “నేను వేశాను, అమ్మకి చెప్పలేదు” అన్నారు మాస్టారు. గల్‌గమువలో దిగుతూ ప్లాట్‌ఫాం మీద నుంచి కిటికీలో చెయ్యి పెట్టి, మీ నాన్నగారికి నా నమస్కారం చెప్పు అన్నారు.

తంబుత్తేగమ మామూలు టౌను. ఎరువుల కొట్లు, ఫోన్ రీచార్జి కొట్లు, ధాన్యం బస్తాల లారీలు. త్రీవీలర్ వాడితో బేరమాడి కూడగమ వెళ్లాను. పాములు, కోతులు ఆడిస్తూ ఊరూరూ తిరిగిన కులం వాళ్లది, ఇప్పుడు ఇళ్లు కట్టుకుని స్థిరపడ్డారు. ఒక పెద్దావిడ తెలుగులో పలకరించగానే నాకు గొంతు పూడుకుపోయింది. సింహళం కలిసిన ఆ తెలుగులో సగం అర్థమైంది, మిగతా సగం మనవరాలు ఇంగ్లీషులో అందించింది. మీ ఊరి అబ్బాయి ప్రెసిడెంటు కదమ్మా, ఎలా ఉంది అని అడిగితే ఏనుగుల గురించి చెప్పింది. చేలల్లో పడుతున్నాయి, కంచె వేస్తామన్నారు, వెయ్యలేదు. ఎడమచేతి గోరు చూపించింది, మే 6 స్థానిక ఎన్నికల సిరా ఇంకా అంచున నల్లగా ఉంది. వాళ్లమ్మకు ఓటు లేదట, ఊరే లేనిదానికి ఏ లిస్టులో రాస్తారు? ఇప్పుడు అన్ని పార్టీల వాళ్లూ గుమ్మం దాకా వస్తున్నారు, ఏనుగుల సంగతి అందరికీ చెప్పి పంపిస్తోంది.

అక్కడి నుంచి బస్సులో జాఫ్నా. మద్రాసులో ఉద్యోగం చేసిన రోజుల తమిళం పనికొచ్చింది. లాడ్జి యజమాని గాల్ ఫేస్ పేరెత్తగానే చెయ్యి విదిలించాడు. 2009లో యుద్ధం ముగిసినప్పుడు రక్షణ కార్యదర్శి ఇదే గోటాబయ, అప్పుడు మా కోసం ఎవరు మైదానంలో కూర్చున్నారు అని అడిగాడు. ఆ 69 లక్షల్లో ఉత్తరాది ఓట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అయినా 2024 నవంబర్‌లో జాఫ్నా జిల్లాలో ఆరింట మూడు సీట్లు అనుర కుమార కూటమికే వచ్చాయి, ఈయనా వేశాడు, మొన్న మే నెలలో మాత్రం తిరిగి తమిళ పార్టీకి వేశాడు. ఎందుకంటే ఉత్తర ప్రాంతాన్ని పాలించాల్సిన ఉత్తర రాష్ట్ర మండలికి ఎన్నిక జరిగింది ఒక్కసారే, 2013లో. 2018 అక్టోబర్‌లో గడువు తీరింది, అప్పటి నుంచి గవర్నరు పాలనే.

మీ దగ్గర కింది ఎన్నికలు టైముకి పెడతారా అని అడిగాడు. మా ఊళ్లో సర్పంచ్ గడువు 2024 జనవరితో అయిపోయింది, ఏడాది దాటినా స్పెషల్ ఆఫీసరే నడిపిస్తున్నాడు, మొత్తం తెలంగాణ పల్లెలన్నీ ఇంతే అని చెప్పాను. ఆ ఆఫీసర్ని ఎవరు ఎన్నుకున్నారు అన్నాడు. ఎవరూ ఎన్నుకోలేదు అన్నాను. ఆ రాత్రే నాన్నకు ఫోన్ చేసి మాస్టారి నమస్కారం చెప్పి, పంచాయతీ ఎన్నికల తేదీ ఏమైనా వచ్చిందా అని అడిగాను. “ఇంకా లేదురా, కోర్టులో ఉందంట” అన్నాడు.