నా ఒత్తులు ఎక్కడ పోయాయి: ఒక డీఎస్సీ ప్రిపరేషన్ అనుభవం

డీఎస్సీకి, అంటే సర్కారు టీచరు ఉద్యోగాల పరీక్షకు, చదివే రోజుల్లో ఒక గ్రాండ్ టెస్టులో (పూర్తి నమూనా పరీక్షలో) ఒక బిట్ (ప్రశ్న) వచ్చింది. ఫార్మేటివ్ అసెస్‌మెంట్ (చదువు సాగుతుండగానే చేసే మూల్యాంకనం) 50 మార్కుల్లో స్లిప్ టెస్టుకు (చిన్న రాత పరీక్షకు) ఎన్ని? నేను 10 పెట్టాను. జవాబు 20. నవ్వొచ్చే సంగతి ఏమిటంటే, డీఎడ్ (టీచరు ట్రైనింగ్) చదివేటప్పుడు టీచింగ్ ప్రాక్టీస్‌కి వెళ్లిన బడిలో ఆ స్లిప్ టెస్టులు పెట్టింది నేనే, దిద్దింది నేనే. కర్నూలు సి.క్యాంపు దగ్గర మా రూంలో పత్తికొండ అక్క ఆ రోజంతా నన్ను ఆట పట్టించింది.

మూల్యాంకనం చాప్టర్‌ని మనమంతా బట్టీ పడతాం. ఫార్మేటివ్, సమ్మేటివ్ (చదువు చివర్లో చేసేది) అని 1967లో విడదీసి చెప్పింది మైఖేల్ స్క్రివెన్ అనే మూల్యాంకన పండితుడు. 2009 విద్యాహక్కు చట్టంలో 29వ సెక్షన్ నిరంతర సమగ్ర మూల్యాంకనం గురించి, 30వ సెక్షన్ ఎలిమెంటరీ విద్య పూర్తయ్యేదాకా బోర్డు పరీక్ష వద్దని. ఈ రెండు నంబర్లూ తారుమారు చేసుకోకండి. అయితే పిల్లల్ని ఒక్క పూట పరీక్షతో కొలవకూడదని చదువుకుని, అది మనకు వచ్చో రాదో తేల్చుకోవడానికి రెండున్నర గంటల పరీక్షకు కూర్చుంటాం. మొదట్లో నాకిది భలే అన్యాయం అనిపించేది. ఇప్పుడు అంత గట్టిగా అనలేను. కారణం ఆ బడే.

ఆదోని వైపు ఒక ఊరు. అక్కడి వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు, సొంత చేలల్లో పని అయిపోగానే చాలా ఇళ్లకు తాళాలు పడతాయి. సుగ్గికి, అంటే వలస పనికి, పోతారు. గుంటూరు వైపు మిరప కోతకు, తెలంగాణకు పత్తి తీయడానికి. అవ్వాతాతలు ఉన్న ఇళ్ల పిల్లలు ఊర్లో ఆగుతారు, కొందరు సీజనల్ హాస్టల్లో ఉంటారు, మిగతావాళ్లు అమ్మానాన్నలతో బండి ఎక్కుతారు. నాలుగో తరగతిలో ఒకడు అలా మూడు నెలలు పోయి వచ్చాడు. వాడు మిరప తోటలో ఉన్న రోజుల్లోనే ఇక్కడ రిజిస్టర్లో వాడికి ప్రాజెక్టు పనికి 10కి 7, భాగస్వామ్యానికి 10కి 8 పడ్డాయి. గడి ఖాళీగా ఉంటే పైనుంచి అడుగుతారని నేను వెళ్లకముందే ఎవరో నింపేశారు. వాడి పక్కన కూర్చుని, ఒక్క పూట కూడా బడి మానని పిల్లకూ అవే 7, 8.

వాడితో తెలుగు వాచకం చదివించాను. "పుస్తకం" దగ్గర "పుసకం" అన్నాడు. "చెట్టు"ను "చెటు" అన్నాడు. గుణింతాలు శుభ్రంగా వచ్చు. ఒత్తు కనబడితే మాత్రం దాని మీదుగా దూకేస్తాడు. ఒత్తులు నేర్పిన నెలల్లో కూడా వాడు ఊర్లో లేడట. వీడికి సమ్మేటివ్ పరీక్ష పెడితే తక్కువ మార్కులు వస్తాయి. అది నిజమే చెప్పినట్టు, కాకపోతే ఒత్తుల సంగతి చెప్పదు. రిజిస్టర్లోని 7 అయితే ఆ నిజం కూడా చెప్పలేదు. రోజూ ప్రార్థనకు ముందు పది నిమిషాలు వాణ్ణి దగ్గర కూర్చోబెట్టుకుని, ఏ ఒత్తు దగ్గర ఆగాడో డైరీలో రాసుకునేదాన్ని. మార్కులు వేయలేదు. రెండు వారాల్లో "అమ్మ, కుక్క, చెట్టు" దారికొచ్చాయి. "పుస్తకం" దాకా రాకముందే నా ప్రాక్టీస్ అయిపోయింది.

మార్కు ముడిపడ్డ చోట నిరంతర మూల్యాంకనం చెడిపోవడం ఒక్క ఆ బడి కథే కాదు. మన ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతికి 80 మార్కుల పరీక్ష, బడిలోనే వేసే 20 ఇంటర్నల్ మార్కులు ఉండేవి. చాలాచోట్ల ఆ 20కి 20 వేసేస్తున్నారన్న విమర్శలు పెరిగి 2019లో ఇంటర్నల్స్ తీసేశారు. తీరా 2021లో కరోనా వల్ల పరీక్షలు రద్దయ్యాక, ఫలితాలకు మళ్లీ బడిలో వేసిన ఫార్మేటివ్ మార్కులే దిక్కయ్యాయి. అందుకే ఏది మంచిది అని ఎవరైనా అడిగితే ఒక్క మాటలో చెప్పలేను.

ఇక నా ప్రిపరేషన్. 2018 నోటిఫికేషన్ తర్వాత మళ్లీ డీఎస్సీ పరీక్ష జరిగింది 2025లోనే. ఆ మధ్యలో ప్రైవేటు బడిలో చెప్పాను, రెండుసార్లు పుస్తకాలు అటక ఎక్కించాను, అదంతా మీకూ తెలిసిన కథే. తిరిగి కూర్చున్నాక మొదటి నెల రోజూ ఒక టెస్టు రాసి గోడ మీద స్కోరు వేసుకునేదాన్ని. 96, 104, 113. పెరుగుతోందని సంబరం. ఒకరోజు అక్క అడిగింది, "ఏమ్మా, ఈ పేపరు పోయిన వారం చేసిందే కదా?" అవును. గోడ మీద అంకె తగ్గకూడదని తెలిసిన పేపర్లే మళ్లీ మళ్లీ చేస్తున్నాను. అంటే నా రిజిస్టర్ కూడా నేనే నింపుకుంటున్నా.

ఆ రోజే గోడ తుడిచేశాం. "మార్కు రాయొద్దు, ఎందుకు తప్పయిందో రాయి" అంది అక్క. ఒకరి పేపరు ఒకరం దిద్దుకున్నాం. ప్రతి తప్పు పక్కన ఒక అక్షరం. అసలు తెలియకపోతే "తె". తొందరలో పోతే "తొ". విషయం తెలిసి కూడా, ఆ పిల్లాడి ఒత్తులా, ఒక చిన్న ముక్క జారిపోతే "ఒ". మొదటిసారి చూసుకుంటే 160 బిట్లలో 58 తప్పులు. అందులో "తె" 21, "తొ" 9, మిగతా 28 "ఒ". స్లిప్ టెస్టు బిట్ ఆ 28లోదే. క.సా.గు. అడిగితే గ.సా.భా. కట్టినవి నాలుగు. ఈ లెక్క చూశాక కొత్త మెటీరియల్ కొనడం ఆపేశాను. రోజూ పొద్దున "ఒ" బిట్లు ఇరవై, అంతే. విసుగు పుట్టే పని, దాచేదేం లేదు.

టెట్ (టీచరు అర్హత పరీక్ష) గురించి ఒక్క మాట. 150కి తెచ్చుకున్న మార్కుల్ని 20కి కుదించి డీఎస్సీ మార్కులకు వెయిటేజీగా కలుపుతారు. 90 వస్తే 12, 120 వస్తే 16. ఎస్జీటీ (ప్రైమరీ టీచరు) పేపర్లో బిట్‌కి అర మార్కు కాబట్టి ఆ నాలుగు మార్కుల తేడా ఎనిమిది బిట్లతో సమానం. పాసయ్యాం కదా అని వదిలేయకుండా 2024 అక్టోబరులో నేను మళ్లీ రాసింది అందుకే.

2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు. జూన్ 6 నుంచి జూలై 2 దాకా ఒక్కొక్కరికి ఒక్కో రోజు, ఒక్కో సెషన్‌లో పరీక్షలు, ఆ పైన నార్మలైజేషన్, అంటే సెషన్ల మధ్య కష్టంలో తేడాను బట్టి మార్కులు సరిచేయడం. నా సెషన్ కష్టంగా వచ్చిందని రెండు రోజులు ఏడ్చాను. అయినా ఒకటి ఒప్పుకోవాలి. ఆ కంప్యూటర్ ముందు నా తరఫున ఎవరూ గడి నింపలేదు, నా మీద కోపంతో ఎవరూ తగ్గించనూ లేదు.

ఉద్యోగం వచ్చింది. అక్కకు మూడు మార్కుల్లో పోయింది. రూం ఖాళీ చేసేటప్పుడు తప్పుల నోట్‌బుక్ మా పిన్ని కూతురికి ఇచ్చాను, టెట్‌కి చదువుతోంది. మొన్న రాత్రి ఫోన్ చేసింది. "అక్కా, పేజీ నిండా ఈ 'ఒ' ఏంది? ఓసీ కోటానా?"