ముత్యం ఈనేదాకా

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు. మా కొట్టంలో చలి పోయిన సంగతి నాకు తెలిసేది నీళ్ళ తొట్టి దగ్గర. మాఘమంతా సాయంత్రానికి కూడా సగం మిగిలే తొట్టిలో, ఫాల్గుణం వచ్చేసరికి మధ్యాహ్నానికే అడుగు కనపడుతుంది. ఆ రోజు నుంచి మోటారు దగ్గరికి రెండో నడక మొదలు. తొట్టికి పదిహేను రోజులకోసారి కొట్టే సున్నం ఇక వారానికోసారి కొట్టాలి, లేకపోతే పాకుడు పడుతుంది. పాకుడు నీళ్ళని గేదెలు ఎలాగో తాగేస్తాయి. ఆవులు మాత్రం మూతి పెట్టి, మన వైపు ఒకసారి చూసి, వెనక్కి తిరుగుతాయి.

మాది అద్దంకి దగ్గర, గుండ్లకమ్మకు కాస్త ఎడంగా ఉన్న ఊరు. 5 ఒంగోలు ఆవులు, 9 గేదెలు, దూడలతో కలుపుకుంటే 22 మూతులు. డబ్బు గేదెలది, మర్యాద ఆవులది. గేదెపాలు అమ్మి ఆవులకి దాణా చెక్క కొంటున్నామని మా ఆయన ఒకసారి నోరు జారాడు. మామయ్య మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. అబద్ధమైతే కాదు. ఒంగోలు ఆవు బాగా ఇస్తే రోజుకి 5 లీటర్లు, అదీ దూడ తాగగా మిగిలింది. గేదె 8 లీటర్లకు తగ్గితే మేమే దాన్ని అనుమానంగా చూస్తాం.

నేను చీరాల పిల్లని. మా పుట్టింట్లో మగ్గం ఉండేది, పశువు లేదు. పెళ్ళయి వచ్చిన కొత్తలో, ఏం చేయమంటారు మామయ్యా అని అడిగితే, "ముందు చూస్తా ఉండమ్మాయ్" అన్నారు. నాకు పని చెప్పడం ఇష్టంలేక అలా అన్నారేమో అనుకున్నాను. 22 ఏళ్ళ తర్వాత కూడా ఈ కాలంలో నేను చేసే పనిలో సగం అదే.

పొద్దున 4 గంటలకి కొట్టంలోకి వెళ్తే వెంటనే లైటు వేయను. చీకట్లో నిలబడి రెండు నిమిషాలు వింటాను. అన్నీ పడుకుని నెమరేస్తుంటే ఒక రకం చప్పుడు. ఏదైనా లేచి నిలబడి గొలుసు లాగుతుంటే ఆ చప్పుడు వేరు. చలికాలంలో ఎదకొచ్చిన గేదె, అంటే చూడి కట్టే అదనుకొచ్చింది, ఊరంతా లేపుతుంది. ఎండలు ముదిరితే అది ఎదకొచ్చినా నోరు విప్పదు. మూగ ఎద అంటారు. దొరికే ఆనవాలల్లా తెల్లవారుజామున అది పడుకుని లేచిన చోట నేల మీద తీగలాంటి తడి. పేడ ఎత్తేశామంటే అదీ పోతుంది. అందుకే మా ఇంట్లో నేను చూసేదాకా ఎవరూ పార పట్టుకోకూడదు. ఒక్కసారి చూసుకోకపోతే మళ్ళీ ఎదకి 21 రోజులు ఆగాలి. వట్టిపోయిన గేదె 21 రోజులు ఊరికే తింటే ఎంతవుతుందో పశువులున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు.

తర్వాత పేడ, కడగడం, పాలు. పాలు పితికేది నేనూ మా ఆయనా. గేదెలకి ఒక గిన్నెడు దాణా పెడితే చాలు, పాలు చేపుతాయి. ఒంగోలు ఆవుకి దూడ ఎదురుగా ఉండాల్సిందే. దూడ నాలుగు గుద్దులు గుద్ది, మూతి నిండా నురగ తెచ్చుకున్నాక దాన్ని లాగి తల్లి ముందు కట్టేయాలి. అది లాగేవాళ్ళకే తెలుసు. నెల దూడ కూడా నాలుగు కాళ్ళూ నేలలో దిగ్గొట్టి నిలబడుతుంది. ఇక్కడే నాకూ మామయ్యకీ ఎప్పుడూ పేచీ. నాలుగు చన్నుల్లో ఒకటి దూడకి వదిలేయమంటారాయన. వదిలేశామా లేదా అని గోడ అవతల నుంచి పితికే చప్పుడు విని చెప్పేస్తారు. 76 ఏళ్ళ మనిషి, నేను పక్కన నిలబడి పిలిచినా వినిపించుకోరు గానీ ఇది వినపడుతుంది.

ఆరున్నర లోపు పాలు కేంద్రంలో పోయాలి. వెన్న శాతం దగ్గర రోజూ ఏదో ఒక గొణుగుడు. అది రాస్తూ కూర్చుంటే ఈ పోస్టు తెల్లారదు.

మార్చిలో మా ఊళ్ళో కూలికి మనిషి దొరకడు. అందరూ పొగాకు బ్యారన్ల దగ్గరే. ఆకు కుట్టడం, కాల్చడం, గ్రేడు చేయడం, వేలానికి బేళ్ళు కట్టడం. ఊరంతా ఆ ఘాటు. కాబట్టి నేపియర్ గడ్డి కోసేదీ, ముక్కలు చేసే చాఫ్ కట్టర్‌లో పెట్టేదీ, శనగ పొట్టు గోతాలకెత్తేదీ అన్నీ మేమే. శనగ పొట్టు మాత్రం ఈ కాలం ఇచ్చే బహుమతి. నూర్పిళ్ళు అయిన చేలల్లో అడిగితే ఇస్తారు, ఒక ట్రాక్టరు వేసుకుంటే వానల దాకా సరిపోతుంది. కానీ అది ఎత్తిన రోజు మెడ, మోచేతులు మంట. స్నానం చేసినా పోదు.

ఫిబ్రవరి చివర్లో నా వల్ల ఒక పడ్డ, అంటే ఇంకా ఈనని ఆడ పశువు, చావు దాకా వెళ్ళొచ్చింది. గట్టు మీద మేపుతూ పలుపు గుంజకి కట్టాను. ముడి సరిగ్గా పడలేదు. ఫోన్ మాట్లాడుతూ చూసుకోలేదు, అదీ నిజం. పక్క చేలో జొన్న కోసేశారు, మొదళ్ళకి పిలకలు లేచాయి. నీళ్ళు లేని నేలలో వచ్చిన ఆ పిలకలు చూడ్డానికి లేతగా, ముచ్చటగా ఉంటాయి. లోపలంతా నాము, అంటే విషం. పడ్డ పది నిమిషాలు మేసి ఉంటుందేమో, నేను చేరేసరికి వణుకుతోంది. నోటి వెంట నురగ, రొప్పు, ఆ వెంటనే కూలబడింది. మా అదృష్టం, డాక్టరుగారు టీకాల కోసం ఊళ్ళోనే ఉన్నారు. పరుగున వచ్చి నరానికి ఇంజెక్షన్ ఇచ్చారు. అరగంటకి అది తల ఎత్తింది. నా కాళ్ళలో వణుకు సాయంత్రం దాకా తగ్గలేదు. మామయ్య నన్ను ఒక్క మాట అనలేదు. మర్నాడు పొద్దున పాత పలుపు ఒకటి తెచ్చి నా ముందు పడేసి, "ముడెయ్యి" అన్నారు. వేశాను. విప్పి, "మళ్ళీ ఎయ్యి" అన్నారు. ఎనిమిదిసార్లు.

డాక్టరుగారు వచ్చింది గాలికుంటు జబ్బు టీకాలకి. అన్నిటికీ వేశారు, ముత్యం అనే మా ఒంగోలు ఆవుకి తప్ప. అది నిండు చూడి. గత జూన్ 8న చూడి కట్టడానికి సూది వేయించాం. ఆవుకి 285 రోజులు లెక్కపెట్టి ఉగాది క్యాలెండర్లో మార్చి 20 చుట్టూ ఎర్ర పెన్నుతో గుండ్రం చుట్టాను. ఆ క్యాలెండర్లో మాకు పండగలకంటే గుండ్రాలే ఎక్కువ.

20 వచ్చింది, పోయింది. 22న పొదుగు నిండింది. 24న తోక మొదలుకి రెండు పక్కలా గుంటలు పడ్డాయి. ఇక ఈ రాత్రే అనుకుని మంచం కొట్టంలో వేయించుకున్నాను. ముత్యం నన్ను చూస్తూ తీరిగ్గా నెమరేసింది. మర్నాడూ అంతే. హైదరాబాదు నుంచి మా ఆడపడుచు ఫోన్ చేసి, ఈనిందా వదినా అని రోజూ అడగడం. ఆమె కొడుకు ఆ మధ్య నాకు ఒక వీడియో పంపాడు. బ్రెజిల్‌లో వయాటినా-19 అనే ఆవు, 1,100 కిలోల పైన బరువు, ధర మన లెక్కలో 40 కోట్ల దాకా. వాళ్ళు నెలూర్ అనే ఆ జాతి మన ఒంగోలు పశువులదే. ఒంగోలు అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేది కాబట్టి ఆ పేరు. "అత్తా, మీరు కోటీశ్వరులు" అని కింద రాశాడు. మామయ్యకి చూపించాను. కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చూసి, "మూపురం బాగుంది" అన్నారు. కాసేపాగి, "దూడని తాగనిస్తారా అక్కడ?" అనడిగారు. నేనేం చెప్తాను!

26 రాత్రి ఒంటిగంట దాటాక మెలకువొచ్చింది. చప్పుడుకి కాదు, చప్పుడు ఆగినందుకు. ముత్యం నెమరు ఆపేసింది. లేస్తోంది, పడుకుంటోంది, తన పక్కటెముకల వైపు తిరిగి చూసుకుంటోంది. కింద వరిగడ్డి మందంగా పరిచి దూరంగా కూర్చున్నాను. దగ్గరికి వెళ్తే అది ఆపుకుంటుంది, ఆ సంగతి మొదటి ఏళ్ళలోనే నేర్చుకున్నాను. ముందు నీళ్ళ బుడగ వచ్చి పగిలింది. కాసేపటికి టార్చి వెలుగులో రెండు గిట్టలు, వాటి మీద ఆనించినట్టు మూతి. మూతి కనపడగానే నా ఊపిరి నాకు తిరిగొచ్చింది. కాళ్ళు, మూతి వరసగా ఉంటే మనం చేయాల్సింది ఏమీ ఉండదు. మా ఆయన లాగుదామా అన్నాడు. వద్దన్నాను. వెనక నుంచి మామయ్య గొంతు, "వద్దంటందిగా." ఆయన ఎప్పుడొచ్చి గుమ్మంలో నిలబడ్డారో మేం చూడలేదు.

రెండింటికి కోడెదూడ. ముక్కులో జిగురు వేలితో తీసి, బొడ్డు కోసిన చోట అయోడిన్ పెట్టేలోపు ముత్యం నాకడం మొదలుపెట్టింది. గరుకు నాలుకతో అది నాకుతుంటే దూడ ఒళ్ళంతా ఊగిపోతోంది. అప్పుడే పుట్టిన దూడ గిట్టల కొసలు ఎప్పుడైనా ముట్టుకున్నారా? పసుపుపచ్చగా, ఉడికిన పనసతొన లాగా మెత్తగా ఉంటాయి. లోపల తల్లికి గుచ్చుకోకుండా అలా ఉంటాయట. ఆ మెత్తటిది మామయ్య గోటితో గిల్లేశారు, ఆ పని ఇంకెవరికీ ఇవ్వరు. దూడ మూడుసార్లు లేచి మూడుసార్లు బోర్లా పడింది. నాలుగోసారి నిలబడి, చన్ను వెతుక్కుంటూ ముందుకాళ్ళ మధ్య తల దూర్చింది. అక్కడేం ఉంటుంది! తిప్పి పొదుగు దగ్గర పెట్టి, మూతిలో నాలుగు చుక్కలు పిండితే, ఇక తోక ఆగలేదు. గంటలోపు జున్నుపాలు దూడ కడుపులో పడాలి, మన గిన్నె సంగతి తర్వాత. ఒంటి మీద అక్కడక్కడా ఎర్రటి జీర ఉంది. పెరిగేకొద్దీ తెల్లబడుతుంది.

అత్తయ్య బెల్లం, వాము, శొంఠి వేసి కాచిన జొన్న జావ తెచ్చి పెట్టారు. మిగిలిన భయం మాయది, అంటే దూడ వెనక పడాల్సిన పొరది. పడేదాకా ఎవరో ఒకరు కాపలా ఉండాలి, లేకపోతే ఆవు తినేస్తుంది. తెల్లారి ఏడున్నరకి పడింది. మా ఆయన దాన్ని గడ్డిలో చుట్టి చెరువు కట్ట మీది మర్రికొమ్మకి కట్టి వచ్చాడు. మర్రికి పాలున్నట్టు ఆవుకి పాలుంటాయని ఇక్కడి నమ్మకం. ఏం నమ్మకమో గానీ, కట్టకపోతే నాకే తోచదు.

ఈ గొడవలో అసలు విషయం రాయడం మరిచిపోయాను. మాయ కోసం కాపలా కూర్చున్నప్పుడు ఎదురు వరసలో నల్లగేదె లేచింది. అది పడుకున్న చోట బండ మీద జానెడు తడి, పేడలో కలవకుండా మెరుస్తోంది. ఎవరో పార తీస్తున్నారు. ఆగమని అరిచాను. పొద్దున కనపడితే సాయంత్రానికి సూది పడాలి కాబట్టి అక్కడ నుంచే సూది వేసే అబ్బాయికి ఫోన్ చేసి రమ్మన్నాను. సాయంత్రం సూది అయ్యాక క్యాలెండర్ తీసి 310 రోజులు లెక్కపెట్టాను, గేదెకి అంత. వచ్చే జనవరి 31 తేలింది. ఆ నెల ఇందులో లేదు. వెనక అట్ట మీద రాసి పెట్టాను.